చిట్టి కొలాజ్: చేతిపనిలో రంగుల ఛాయాక్రమం

కాగితం, గుడ్డ, దారం, బస్సు టికెట్టు, ఎండుటాకు వంటి పలచని వస్తువులను ఒక అట్ట మీద అతికించి బొమ్మ కట్టడాన్ని కొలాజ్ అంటారు. ఫ్రెంచి భాషలో ‘కోలే’ అంటే జిగురుతో అంటించడం. పేరు అక్కడి నుంచి వచ్చింది. మన బడుల్లో పిల్లలు రంగు కాగితాలు చింపి చేసే అతికింపు బొమ్మ దీనికి దగ్గరి చుట్టం. పోస్టుకార్డంత అట్ట మీద, లేదా అంతకంటే చిన్నదాని మీద చేసేదాన్ని ఈ వ్యాసంలో చిట్టి కొలాజ్ అంటున్నాం. ఒక రంగు లేత నుంచి ముదురుకు పోయినా, మెల్లమెల్లగా మరో రంగులోకి దిగినా ఆ వరుస పేరు ఛాయాక్రమం. చిత్రకారులు గ్రేడియంట్ అనీ షేడింగ్ అనీ పిలిచేది దీన్నే.

కుంచె పట్టినవారికి ఛాయాక్రమం నున్నటి వాలు. తడి రంగు తడి రంగులో కలుస్తుంది, మధ్యలో గీత కనిపించదు. కొలాజ్ చేసేవారి చేతిలో ఉండేవి ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో మెట్టు. ఆ మెట్లను చూసి వాలు అనుకొనేది చూసేవారి కన్ను. అందుకే ఈ పనిలో అంటించడం కంటే ఏరడం పెద్ద విద్య. పది నిమిషాల్లో అతికించగలిగే తొమ్మిది ముక్కలను ఏరడానికి ఒక పూట పట్టినా అది వృథా కాదు. చిత్రం నిజంగా తయారయ్యేది ఆ పూటే.

మ్యాచింగ్ సెంటర్ పాఠం

ఛాయాక్రమం అంటే ఏమిటో తెలుగు ఊళ్ళలో విడమరచి చెప్పనక్కరలేదు. ఏ బజారులోనైనా మ్యాచింగ్ సెంటర్ గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే చాలు. గోడ నిండా అరలు. అరల్లో జాకెట్టు గుడ్డలు మీగడ రంగుతో మొదలై గంధం, నిమ్మపండు, పసుపు, బంతి, కనకాంబరం, మిరపపండు, దానిమ్మ దాకా వరుసగా పేర్చి ఉంటాయి. కౌంటరు వెనకున్న మనిషి చీర కొంగు ఒక్కసారి చూసి, అన్ని ఎరుపుల్లోంచి సరిగ్గా రెండింటిని లాగి ముందు వేస్తాడు. కొనేవారు ఆ రెంటినీ చీర మీద పరచి చూస్తారు. ట్యూబులైటు వెలుగును నమ్మలేక వీధి గుమ్మం దాకా తెచ్చి, ఎండ వెలుగులో మళ్ళీ చూస్తారు.

ఆ గుమ్మం దాకా నడిచే అలవాటు వెనక గట్టి శాస్త్రమే ఉంది. రెండు గుడ్డలకు వేర్వేరు అద్దకాలు వాడి ఉంటే, ఒక దీపం కింద ఒకేలా ఉన్నవి మరో వెలుగులో వేరుగా కనిపిస్తాయి. కాగితం కూడా అంతే. పత్రికలోంచి కత్తిరించిన నీలం, గాలిపటం కాగితపు నీలం, చేత్తో పూసిన నీలం వేర్వేరు రంగు పదార్థాలతో తయారైనవి. రాత్రి దీపం కింద అవి చక్కగా కుదిరిన వరుసలా ఉంటాయి. పొద్దున్న కిటికీ దగ్గర పెడితే మధ్యలో ఒక మెట్టు విరిగి కనిపిస్తుంది. ముక్కలు ఏరడం పగటిపూట, నేరుగా ఎండ పడని నీడపట్టున చెయ్యాలి. అంటించే పని కావాలంటే రాత్రికి పెట్టుకోవచ్చు.

చీరల రంగులకు మన భాషలో ఉన్న పేర్లు కూడా ఈ కళకు అక్కరకొస్తాయి. ఆకాశనీలం, నెమలికంఠం, చిలకపచ్చ, వంగపండు, నేరేడు అన్నప్పుడు ప్రతి పేరూ ఒక వస్తువును, ఆ వస్తువు మీద పడే వెలుగునూ గుర్తుకు తెస్తుంది. ‘నీలం-1, నీలం-2’ అని కవర్ల మీద రాసుకోవడం కంటే ఈ పేర్లు రాసుకుంటే ఏ ముక్క ఏ మెట్టుదో చేతికి త్వరగా తెలుస్తుంది.

రంగుకు మూడు గుణాలు ఉన్నాయి. అమెరికన్ చిత్రకారుడు, అధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ (1858–1918) 1905లో ప్రకటించిన పద్ధతి వాటిని విడివిడిగా లెక్కగట్టింది. ఎరుపా పచ్చా అని చెప్పేది వన్నె. ఎంత తెలుపుకు దగ్గర, ఎంత నలుపుకు దగ్గర అని చెప్పేది వెలుతురు. ఎంత నిండుగా ఉంది, ఎంత బూడిద కలిసింది అని చెప్పేది నిండుదనం. ఛాయాక్రమం ఈ మూడింటిలో దేని వెంబడైనా నడవొచ్చు. కొత్తవారు తడబడేది దాదాపు ఎప్పుడూ రెండో గుణం దగ్గరే. వన్నె చూసి వరుస పెడతారు, వెలుతురు మరిచిపోతారు. పసుపు స్వభావంగానే వెలుతురున్న రంగు, వంగపండు స్వభావంగానే చీకటి రంగు. ఎంత నిండు పసుపైనా లేతగానే కనిపిస్తుంది. పరీక్షకు సులువైన దారి ఉంది. వరుసను ఫోనుతో ఫోటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడాలి. బూడిద మెట్లు క్రమంగా దిగితే వరుస సరైనదే. ఎక్కడైనా ఎగుడుదిగుడు కనిపిస్తే ఆ ముక్క తన చోట లేదని అర్థం. ఫోను లేని కాలంలో చిత్రకారులు కళ్ళు సగం మూసి చూసేవారు. ఇప్పటికీ అది చాలు.

కన్ను చేసే పని

ఇరుగుపొరుగు రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని మొదట క్రమబద్ధంగా నిరూపించినవారు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ (1786–1889). పారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో ఆయన అద్దకాల విభాగానికి అధిపతి. నల్లదారం నల్లగా నిలవడం లేదని అక్కడ ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు వెలవెలబోయినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనలన్నీ 1839లో పుస్తకంగా వచ్చాయి.

చిట్టి కొలాజ్‌కు ఇందులోంచి నేరుగా అందే సంగతి ఒకటుంది. లేత నుంచి ముదురు దాకా సమాన వెడల్పున్న పట్టీలను పక్కపక్కన అంటిస్తే, ప్రతి పట్టీ నిజానికి ఒకే రంగైనా అలా కనిపించదు. ముదురు పొరుగున్న అంచు లేతగా, లేత పొరుగున్న అంచు ముదురుగా తోస్తుంది. పట్టీ మధ్యలో తొలిచినట్టు, గుడి స్తంభం మీది గాడిలాగా లోతు కనిపిస్తుంది. ఈ భ్రమకు షెవ్రల్ పేరే పెట్టారు. దీనికి దగ్గరి బంధువైన అంచుల భ్రమను 1865లో భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ వివరించారు. కంటిలోని నాడీకణాలు పొరుగు కణాల స్పందనను అణచడం దీనికి ప్రధాన కారణమని చెబుతారు. పని చేసేవారి ముందు రెండు దారులు ఉంటాయి. లోతు కనిపించాలంటే అంచులు కత్తితో పదునుగా కోయాలి. నున్నటి వాలు కావాలంటే అంచులు చింపాలి. పదును పోయిన చోట భ్రమ బలం తగ్గుతుంది.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రకారుడు, గురువు యోసెఫ్ ఆల్బర్స్ (1888–1976) ఈ విషయాన్ని జీవితకాలమంతా బోధించారు. బౌహౌస్, బ్లాక్ మౌంటెన్ కళాశాల, యేల్ విశ్వవిద్యాలయం ఆయన పాఠాలు చెప్పిన చోట్లు. రంగుల పాఠానికి ఆయన విద్యార్థుల చేతికి గొట్టాల రంగులకు బదులు రంగు కాగితాలు ఇచ్చేవారు. కాగితం కలపనక్కరలేదు, ఆరనక్కరలేదు. అదే రంగు రెండోసారి కావాలంటే అచ్చంగా అదే దొరుకుతుంది. కుంచె గీతల జాడ కంటికి అడ్డం రాదు. 1963లో వెలువడిన ఆయన ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ గ్రంథం ఈ పాఠాల సారం. ఒకే బూడిద కాగితం ముక్క రెండు వేర్వేరు నేలల మీద రెండు రంగులుగా కనిపించడం అందులో చూడొచ్చు. చిన్న కొలాజ్ మీద ఆసక్తి ఉన్నవారు చదవాల్సిన పుస్తకం ఒక్కటే అంటే, నా లెక్కలో అది ఇదే.

ఆల్బర్స్ గట్టిగా చెప్పిన మరో సంగతి మెట్ల లెక్క. తెల్లరంగు గిన్నెల్లో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు, నాలుగు చుక్కలు నీలం కలిపి కాగితాలకు పూస్తే మెట్లు సమంగా రావు. మొదటి రెంటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది, చివరి రెంటి మధ్య దాదాపు ఏమీ ఉండదు. కన్ను కూడికను గుర్తించదు, రెట్టింపును గుర్తిస్తుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు చుక్కలు అని పెంచుకుంటూ పోతే మెట్లు ఇంచుమించు సమంగా దిగుతాయి. తొలిసారి ఈ లెక్క తెలియక రంగు పాడు చేసుకోనివారు అరుదు.

వెనకటి కథ

కొలాజ్ 1912లో పుట్టిందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. పేరు వరకు అది నిజం. పని వరకు చూస్తే కథ ఇంకా ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి పోతుంది.

జపాన్‌లో హేయన్ యుగపు కవితా సంకలనాల్లో, ముఖ్యంగా 12వ శతాబ్ది తొలినాళ్ళలో తయారై క్యోతోలోని నిషి హొంగాన్‌జి ఆలయానికి చెందిన ముప్పై ఆరుగురు కవుల సంపుటంలో, పద్యాలు రాసిన కాగితమే అతుకుల బొమ్మ. కాగితాలను కోసి కలిపే తీరు ఒకటి, చింపి కలిపే తీరు ఒకటి, పొరలుగా జరిపి అంటించే తీరు ఇంకొకటి ఉన్నాయి. ఈ మూడోదే మనకు ముఖ్యం. ఒకే రంగులో లేత నుంచి ముదురు దాకా అద్దిన పలచని కాగితాలను ఒకదాని కింద ఒకటి కొద్దికొద్దిగా జరిపి అంటిస్తారు. ప్రతి పొర అంచూ సన్నని పట్టీగా బయటికి కనిపిస్తుంది, ఒక కొండవాలు మీద మబ్బు దిగినట్టు ఉంటుంది. ఆ కాలపు రాజాస్థానంలోని స్త్రీలు ఉడుపులను కూడా పొరపొర అంచులు కనిపించేలా, ఛాయలు వరుసగా దిగేలా తొడిగేవారు. గుడ్డల్లో నేర్చిన చూపే కాగితంలోకి వచ్చిందనుకోవచ్చు. చేత్తో చేసిన ఛాయాక్రమ కొలాజ్‌కు ఇంతకంటే పాతదీ ఇంతకంటే నాజూకైనదీ చెప్పమంటే కష్టమే.

దక్కన్‌కూ ఈ కథలో చోటుంది. 17వ శతాబ్దిలో బీజాపూర్ ప్రాంతానికి చెందినవని పండితులు భావించే కొన్ని చిత్రాల్లో మనుషులూ గుర్రాలూ నీళ్ళ మీద రంగులు తేల్చి అద్దిన ‘అబ్రీ’ కాగితపు వన్నెలతో నిండి ఉంటాయి. పారశీకంలో అబ్ర్ అంటే మబ్బు. అవి అంటించినవి కావు, చాలావరకు మూసలు పెట్టి అద్దినవి. చూపుకు మాత్రం రంగులు కలిసిపోయిన కాగితాన్ని కత్తిరించి పెట్టినట్టే ఉంటాయి.

ఇక ఇంగ్లండులో మేరీ డెలానీ (1700–1788). ఈ కళను ఇంతగా ప్రేమించి చేసినవారిలో ఆమెకు సాటి వచ్చేవారు నాకు తెలిసినంతలో లేరు. భర్త పోయాక, 72 ఏళ్ళ వయసులో, స్నేహితురాలైన పోర్ట్‌లండ్ డచెస్ ఇంట్లో ఉండగా బల్ల మీది జెరేనియం పూరేకుకూ పక్కనున్న ఎర్ర కాగితం ముక్కకూ రంగు అచ్చంగా కుదరడం ఆమె కంటబడింది. కత్తెర తీసుకొని పువ్వును కాగితంలో కత్తిరించారు. డచెస్ దాన్ని నిజం పువ్వే అనుకున్నారట. అక్కడి నుంచి పదేళ్ళపాటు, చూపు మందగించేదాకా, ఆమె 985 పూలమొక్కలను ఇలా కట్టారు. వాటిని ‘కాగితపు మొజాయిక్కులు’ అని పిలిచేవారు. సంపుటాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పూలు నల్లటి నేల మీద ఉంటాయి. ఒక్కో పువ్వులో వందలకొద్దీ ముక్కలు. రేకు మడత పడ్డ చోట, వెలుగు తగిలిన చోట, ఈనె లేచిన చోట వేరువేరు ఛాయల కాగితం పొరలు పొరలుగా ఎక్కుతుంది. అన్ని ఛాయలు ఆమెకు ఎక్కడ దొరికాయి? కొన్ని కాగితాలకు తానే రంగు వేసుకున్నారు. చైనా నుంచి వచ్చే ఓడల కెప్టెన్ల దగ్గర కొన్ని తీసుకున్నారు. గోడకాగితాలు అద్దేవారి దగ్గరికి వెళ్ళి, రంగులు పొరపాటున కారి ఒకదాంట్లో ఒకటి కలిసి చెడిపోయిన కాగితాలను కొనుక్కునేవారు. అద్దకందారుకు పనికిరాని ఆ కాగితంలో దుకాణంలో దొరకని మధ్యఛాయలు ఉంటాయి. ఈ ఒక్క అలవాటులో ఆమె కళంతా కనిపిస్తుంది.

1912 సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడు మేలో చిత్రకారుడు పికాసో, పేము అల్లిక అచ్చు వేసిన నూనెగుడ్డ ముక్కను చిత్రంలో అంటించి చుట్టూ తాడు బిగించారు. సెప్టెంబరులో మరో చిత్రకారుడు బ్రాక్, ఆవిన్యోఁ పట్టణంలో కొన్న చెక్కరంగు గోడకాగితాన్ని బొగ్గు గీతల పక్కన పెట్టారు. అక్కడ ప్రశ్న ఛాయ గురించి కాదు, అసలు వస్తువుకూ బొమ్మకూ ఉన్న సంబంధం గురించి. కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

చిట్టి కొలాజ్‌కు అసలైన ఆధునిక గురువు జర్మనీలోని హానోవర్‌కు చెందిన కుర్ట్ ష్విటర్స్ (1887–1948). 1919 నుంచి తన పనికి ‘మెర్జ్’ అని పేరు పెట్టుకొని, ట్రాము టికెట్లు, మిఠాయి కాగితాలు, చిరిగిన కవర్లతో చేతిలో పట్టేంత బొమ్మలు కట్టారు. గోధుమ, బూడిద, వెలిసిన నీలం, ఒక మూల మాత్రం ఎరుపు ఉండే ఆయన వరుసల్లో, వీధిలో తొక్కుడు పడ్డ కాగితం కూడా ఒక ఛాయగా నిలబడుతుంది. ఆయన పోయిన ఏడే న్యూయార్క్‌లో జరిగిన ప్రదర్శన చూసిన ఆన్ రయన్ (1889–1954) అనే కవయిత్రి ఇంటికి వెళ్ళగానే కాగితం, గుడ్డపీలికలు ముందు వేసుకున్నారు. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడుతోంది. మిగిలిన ఆరేళ్ళలో దాదాపు 400 కొలాజ్‌లు చేశారు, ఎక్కువ భాగం చిన్నవే. వెలిసిన పట్టు, జాలీ గుడ్డ, చేతికాగితం ఆమె చేతిలో ఒకే తెలుపుకు అనేక ఛాయలు చూపించాయి.

జపాన్‌లో చింపిన కాగితంతో బొమ్మ కట్టే ‘చిగిరి-ఎ’ను ఇంటింటికీ చేర్చిన పేరు కియోషి యమాషితా (1922–1971). చీబాలోని ఒక సంక్షేమ పాఠశాలలో చిన్నతనంలో ఈ పని నేర్చుకొని, తరువాత ఏళ్ళ తరబడి దేశం కాలినడకన తిరిగి, చూసినవాటిని జ్ఞాపకం నుంచి కట్టారు. 1950లో చేసిన నాగఓకా బాణసంచా చిత్రంలో చీకటి ఆకాశం, నీటిలో దాని నీడ, ఒడ్డున జనం, అన్నీ గోరంత ముక్కలే.

మన దేశంలో వినోద్ బిహారీ ముఖర్జీ (1904–1980) పేరు చెప్పకుండా ఉండలేం. శాంతినికేతన్‌కు చెందిన ఈ చిత్రకారుడికి 1950ల రెండో సగంలో కంటి శస్త్రచికిత్స తరువాత చూపు పూర్తిగా పోయింది. ఆ తరువాత ఆయన రంగు కాగితాలు కత్తిరించి కొలాజ్‌లు చేశారు. అంచు వేలికి తెలుస్తుంది, రంగు మాత్రం జ్ఞాపకంలోంచి రావాలి. ఆయన మీద శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ‘ది ఇన్నర్ ఐ’ అనే చిత్రం తీశారు.

కాగితం ఎక్కడిది

ఛాయల సెట్లుగా కట్టి అమ్మే కాగితాలు ఇప్పుడు దొరుకుతాయి. నేర్చుకొనేటప్పుడు ఒకసారి వాడవచ్చు. ఎప్పుడూ వాటితోనే చేస్తే మాత్రం ఏరే పని ఎవరో చేసిపెట్టినట్టే, చిత్రంలో మిగిలేది అతుకే. మంచి ఛాయలు ఇంట్లోనే ఉంటాయి.

తెలుగు ఇళ్ళలో అన్నిటికంటే గొప్ప నిధి పెళ్ళి శుభలేఖలు. మందపాటి అట్ట, మెరుపు కాగితం, లోపలి పలచని పొర, కవరు కలిసి ఒక్కో శుభలేఖలోనే నాలుగైదు దగ్గరి ఛాయలు. ఎరుపు నుంచి బంగారు రంగు దాకా ఒక వరుసకు పది శుభలేఖలు చాలు. నాలుగు మూలలా పెట్టిన పసుపు మరక కూడా ఒక ఛాయే. పాత క్యాలెండర్లు, పత్రికల్లోని ఆకాశాల ఫోటోలు, మిఠాయి డబ్బాలు, రంగుల దుకాణంలో ఇచ్చే షేడ్ కార్డులు తరువాతి స్థానం. ఫోటోలోని ఆకాశం అప్పటికే తయారైన ఛాయాక్రమం. దాన్ని అడ్డపట్టీలుగా కోసి, క్రమం మార్చి పేర్చితే ఎవరూ ఊహించని వెలుగు వస్తుంది.

గాలిపటాల కాగితానికి మరో గుణం ఉంది, అది పలచన. ఒక పొర గులాబీ, దాని మీద ఇంకో పొర వేస్తే ముదురు గులాబీ, మూడో పొరతో దానిమ్మకు దగ్గర. ఒకే తావుతో మెట్లు కట్టొచ్చు. అయితే తడి తగిలితే రంగు కారుతుంది, ఎండలో వెలిసిపోతుంది. సంక్రాంతి వెళ్ళాక డాబాల మీద, చెట్ల మీద చిక్కుకున్న చింపుల్లో ఈ వెలిసిన ఛాయలు దొరుకుతాయి. కొత్త తావులో అవి ఉండవు.

రంగు వేసుకున్న కాగితంతో పని చేసినవారిలో ఇద్దరిని గుర్తు చేసుకోవాలి. ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్ చివరి సంవత్సరాల్లో సహాయకులతో కాగితాలకు గువాష్ రంగు పూయించి, వాటిని కత్తెరతో కోసి పెద్ద చిత్రాలు కట్టారు. పిల్లల పుస్తకాల చిత్రకారుడు ఎరిక్ కార్ల్ (1929–2021) పలచని టిష్యూ కాగితాలకు తానే కుంచెతో రంగులు వేసి, ఆరాక కత్తిరించి అంటించేవారు. 1969లో వచ్చిన ఆయన గొంగళిపురుగు పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. ఆ పురుగు వీపు మీది పచ్చదనంలో ఎన్ని పచ్చలున్నాయో పిల్లలతో కలిసి లెక్కపెట్టి చూడండి.

వంటింట్లోనూ రంగుంది. టీ డికాక్షన్‌లో ముంచిన తెల్లకాగితం ఒక్క ముంపుకు మీగడ రంగు, నాలుగు ముంపులకు ఇటుకకు ముందుండే గోధుమ రంగు పట్టుకుంటుంది. పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేట పలచగా పూస్తే నారింజ, చిక్కగా పూస్తే పారాణి ఎరుపు వస్తాయి. పెళ్ళిళ్ళలో పాదాలకు పెట్టే పారాణి తయారయ్యేది ఈ మార్పుతోనే. పసుపు రంగు వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఇలాంటి చిత్రాలను గోడకు కాకుండా పుస్తకంలో పెట్టుకోవాలి.

మెట్లు కట్టే దారులు

అన్నిటికంటే సూటిదారి పట్టీలు. ముందు రెండు కొసలు తేల్చుకోవాలి, అంటే ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు. తరువాత సరిగ్గా నడిమి ముక్క వెతకాలి. ఆ పైన ఒక్కో సగానికి నడిమి ముక్క. ఒక కొస నుంచి వరసగా పేర్చుకుంటూ పోతే దారి తప్పుతుంది, నడుమ నుంచి పంచుకుంటూ పోతే తప్పదు. అంటించే ముందు వరుసంతా జిగురు లేకుండా పరచి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్న కొత్త కంటితో చూడాలి. ఫ్యాను ఆపడం మరిచిపోవద్దు.

ఎరుపు నుంచి పచ్చకు, పసుపు నుంచి వంగపండుకు పోవాలంటే చిక్కు. ఇవి ఎదురెదురు రంగులు. మధ్యలో బురద రంగు, బూడిద రంగు రావాలి, అవి లేకుండా దూకితే వాలు విరుగుతుంది. ఆ మధ్య ముక్కలు దొరకనప్పుడు రెండు రంగుల సన్నపట్టీలను కలనేతగా పెట్టాలి. ఎరుపు పట్టీ వెడల్పు ప్రతిసారీ కొంచెం తగ్గాలి, పచ్చ పట్టీది కొంచెం పెరగాలి. చేయి చాచి దూరం నుంచి చూస్తే కన్ను రెంటినీ కలిపేస్తుంది. పోచంపల్లి చీరలో రంగు రంగులోకి ఈకల్లా చొచ్చుకుపోయే అంచు కూడా చూపుకు ఇలాంటిదే. అక్కడ ముందే అద్దిన నూలు నేతలో వెంట్రుకవాసి జరగడం వల్ల వస్తుంది.

చింపడం వేరే విద్య. పత్రిక కాగితాన్ని చింపితే ఒక ముక్కకు తెల్లటి అంచు వస్తుంది, రెండో ముక్కకు రంగు అంచుదాకా ఉంటుంది. లాగే దిక్కు మార్చితే తెలుపు రెండో ముక్కకు పోతుంది. ఇది తెలియకపోతే ప్రతి మెట్టు మధ్యా తెల్లగీత పడి వరుస పాడవుతుంది, తెలిస్తే ఆ తెలుపే నురగ, పొగమంచు అవుతుంది. జపాను వాషీ కాగితంలో పొడుగు నార ఉంటుంది. తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంట మెల్లగా లాగితే అంచున నార మెత్తగా విచ్చుకొని కింది రంగులో కలిసిపోతుంది. చిగిరి-ఎ నున్నగా కనిపించడానికి ఈ నారే కారణం. మామూలు రాతకాగితంలో నార పొట్టిది, అంతగా విచ్చుకోదు.

కొలత

భారత తపాలా పోస్టుకార్డు కొలత 14×9 సెం.మీ. చేతిలో పట్టుకొని ఒక్క చూపులో మొత్తం చూడగలిగిన ఆ కొలత ఛాయాక్రమానికి బాగా ఒదుగుతుంది. తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున సెంటీమీటరు చొప్పున తొమ్మిది మెట్లు పడతాయి. మూడు మిల్లీమీటర్ల కంటే సన్నని పట్టీ వేళ్ళకు చిక్కదు, ట్వీజర్స్ కావాలి.

ఇంకా చిన్నది ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డు. స్విట్జర్లండులోని జ్యూరిచ్‌లో 1997లో ఎం. వాంచీ స్టిర్నెమాన్ అనే చిత్రకారుడు దీన్ని మొదలుపెట్టారు. కొలత 64×89 మి.మీ. ఎవరైనా చెయ్యొచ్చు. నియమం ఒక్కటే: వీటిని అమ్మరు, ఒకరి కార్డు ఒకరు మార్చుకుంటారు. చిట్టి కొలాజ్ ఊరూరా, దేశదేశాలా పాకడానికి ఈ నియమం ఎంతో తోడ్పడింది. డబ్బు లేని చోట కొత్తవారు, చేయి తిరిగినవారు ఒకే బల్ల దగ్గర కూర్చోగలుగుతారు.

జిగురు, బరువు, నిలవ

జిగురు పలచగా, అంచులదాకా, సమంగా పూయాలి. ముక్కను పాత పత్రిక మీద బోర్లించి, నడుమ నుంచి బయటికి కుంచెతో పూసి, ఆ పత్రిక పేజీని వెంటనే తిప్పేయాలి. లేకపోతే తరువాతి ముక్క ముఖానికి మరక పడుతుంది. అంటించాక పైన బటర్ పేపరు పరచి చెంచా వెనకభాగంతో రుద్దితే గాలి బుడగలు పోతాయి.

తెల్లటి పీవీఏ జిగురు గట్టిగా పడుతుంది, ఒకసారి పడ్డాక ఊడదీయలేం. బియ్యప్పిండి, గోధుమపిండి గంజి కొంచెం బలహీనమే గానీ తడి చేసి మళ్ళీ తీయొచ్చు, పలచని కాగితాన్ని ముడతలు పడనివ్వదు. బైండింగు చేసేవారు పిండి జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పైగా నీలి ఛాయ తెస్తుంది. ఇంట్లో, అందునా పిల్లలు పనిచేసే బల్ల మీద దాన్ని వాడవద్దు. ఏ పూటకు కావలసిన గంజి ఆ పూట కాచుకోవడమే మేలు.

తడి తగలగానే కాగితం సాగుతుంది, ఆరగానే ముడుచుకుంటుంది. నార ఏ దిక్కున పడుకొని ఉందో దానికి అడ్డదిక్కున ఎక్కువ సాగుతుంది. చిన్న అట్ట చివరికి పడవలా వంగడానికి కారణం ఇదే. అట్ట వెనకవైపు కూడా అంతే బరువున్న కాగితం అంటిస్తే రెండు లాగుళ్ళు సరిపోయి అట్ట తిన్నగా నిలుస్తుంది. తరువాత బటర్ పేపర్ల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రోజంతా ఉంచాలి.

వార్తాపత్రిక కాగితంలో చెక్కలోని లిగ్నిన్ ఉంటుంది, కొన్నేళ్ళకే పచ్చబడుతుంది. తెలుపు నుంచి మొదలైన వరుసకు అదే మొదటి మెట్టు అయితే, కాలం ఆ మెట్టును మెల్లగా రెండోదానిలోకి దించేస్తుంది. ఆమ్లం లేని అట్ట, నేరుగా ఎండ తగలని చోటు, వానాకాలంలో తేమ చేరని పెట్టె ఈ చిన్న చిత్రాలను చాలాకాలం కాపాడతాయి. పూర్తయిన ప్రతి చిట్టి కొలాజ్ వెనక పెన్సిలుతో తేదీ, వాడిన కాగితాలు ఎక్కడివి, ఏ జిగురు అన్నవి రాసి పెట్టండి. ఎవరి పెళ్ళి శుభలేఖలోంచి ఆ ఎరుపు వచ్చిందో కూడా రాయండి.